మేడే నాడు ఎగరేసిన జెండా

గుడిపాల రోడ్డులో మా గుజ్జు ఫ్యాక్టరీ ముందర
ఆరున్నరకే నిలబెట్టినారు మమ్మల్ని, వరసగా.
ఇంకా తోతాపురి దిగలేదు,
బేనీషా లోడ్లు రెండే వచ్చి ఉండాయి.

సూపర్వైజరు చెంగల్రాయులు బీరువాలోంచి జెండా తెచ్చినాడు.
జనవరిలో పెట్టిన మడత దాని మీద అట్లనే ఉంది.
"ఈ పొద్దు కార్మికుల దినం" అన్నాడు మేనేజరు,
"దేశం కోసం కష్టపడే దినం.
ఒక్కరు కూడా లీవు అడగలేదు. నాకు శానా గర్వంగా ఉంది."

అడగలేదు, నిజమే.
అడిగిన సెల్విని నిన్ననే గేటు బయటికి పంపేసినారు.

మూడు రంగులు పైకి పోయినాయి.
జెండా పాట నేను గట్టిగానే పాడినా.
దాని మీద నాకేం కోపం?
బళ్లో నేను కడదాకా నేర్చుకునింది అదొక్కటే.

పక్కన ఖాదర్బీ.
ఆమె కుడిచేతి తొడుగులో రెండు వేళ్లు ఖాళీ.
టెంకలు తీసే మిషను, మూడేళ్ల ముందర,
రాత్రి డ్యూటీలో పద్నాలుగో గంట.
సెల్యూట్ కొట్టినప్పుడు ఆ ఖాళీ వేళ్లు
నుదుటి మీద వంగి పడినాయి.
మేనేజరు చూడలేదు,
ఆయన జెండాను చూస్తా ఉండాడు.

మా నాయన చెరుకు మిల్లులో బాయిలరు కాడ చేసినాడు.
జెండా పండక్కి ఇస్త్రీ చొక్కా,
మేడేకి మాత్రం మిల్లు దిక్కే చూడడు.
"అది మనం దేశాన్ని తలుచుకునే పొద్దు మే,
ఇది దేశం మనల్ని తలుచుకోవాల్సిన పొద్దు.
దానికి మతిమరుపు, మనమే గుర్తు చేయాల" అని నవ్వేవాడు.
అమ్మ ఆ పొద్దు కూడా పొయ్యి కాడనే ఉండేది.
ఆ సంగతి ఆయనకెప్పుడూ తట్టలేదు.

తలా ఒక బూందీ పొట్లం ఇచ్చినారు.
నోట్లో వేసుకునేలోగా సైరను.

జెండా పండక్కి మాకు లీవేనంట.
ఉండకేం,
జూలై ఆఖరుకే కాయ అయిపోతుంది,
బెల్టు కడిగి, గేటుకు తాళమేసి,
మమ్మల్ని ఇంటికి పంపతారు.
ఆగస్టంతా లీవే. కూలి లేని లీవు.

పొద్దు గూకేలోగా దించాలని రెండో క్లాసులో చెప్పినారు.
బెల్టు మీదనించి తలెత్తి ఖాదర్బీ అనింది:
"మే, దాన్నింకా దించలేదే!"
చెంగల్రాయులు లోడు కాడ ఉండాడు,
మేనేజరు కారు ఎప్పుడో చిత్తూరు పోయింది.

తొమ్మిదికి బయటికొస్తే
చీకట్లో అదింకా పైనే ఉంది.
దానికీ ఎవరూ సెలవియ్యలేదు.

తాడు ముడి నాకు రాలేదు.
ఖాదర్బీ విప్పింది, మూడు వేళ్లతో.
నేల తాకకుండా నేను పట్టుకున్నా.
చేతుల జిగట తెలుపుకి అంటుకునింది,
మామిడి మరక, ఉతికినా పోదు.

ఆగస్టులో మడత విప్పితే కనబడతాది.
అప్పుడు మేం ఉండం.