పట్టా ఉన్న రంగు

గంగరత్నం పెద్దమ్మకి మొదటిసారి శుక్లాలు తీసింది
బడిలో బల్లలు జరిపి పెట్టిన శిబిరంలో.
పొరతో పాటు లోపలి అద్దం కూడా తీసేశారు,
బదులుగా ఏదీ పెట్టలేదు.
సీసా అడుగంత మందం కళ్ళజోడు చేతికిచ్చి
తలంటుకోవద్దని చెప్పి పంపేశారు.

కడియపులంక నర్సరీలో ఆమెది అంటు కట్టే పని.
జోడు తీస్తే మనుషులు అలుక్కుపోయేవారు,
మొక్కలు తడి కాగితం మీద సిరా అయ్యేవి.
ఆ మసకలోనే కనపడిందట,
పొద్దుతిరుగుడు రేకుల కొసలకి
ఏదో అంటుకుని ఉన్నట్టు.

"ఏం రంగు?" అన్నాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు.
"నేరేడు పండు తిన్న నాలిక మీద
వెన్నెల పడ్డట్టుందిరా.
కాదు. అదీ కాదు.
దేంతో పోల్చి చెప్పమంటావు?"

ఆకుకీ పసుపుకీ కలిపి
ఒకే పచ్చతో సరిపెట్టుకున్న భాష మనది,
ఇంకో రంగుకి పేరెక్కణ్ణించి తెస్తుంది?
కూలీలు నవ్వారు. మేస్త్రీ సూరిబాబైతే
పూలకి దిష్టి తగులుతుందని
ఆమెని మట్టి సంచులు నింపే వరసకి మార్చాడు.

నేనిప్పుడు గ్యాస్ గొట్టాల వెంట నడుస్తాను,
మామిడికుదురు నుంచి రాజోలు దాకా,
కొబ్బరి తోటల కింద, వేడిని చూసే కెమెరాతో.
కంటికి వట్టి గాలి,
తెరలో పొగై కారుతూ పట్టుబడుతుంది.

ఎన్ని చూశానో.
ఎవరో ఇప్పుడే గోడకి ఆనించి వెళ్ళిన అరచెయ్యి.
గేదె లేచిపోయాక కూడా
అక్కడే పడుకుని ఉన్న గేదె.
పంటు దిగిన జనం వెనక, చెక్కల మీద,
కాసేపు నిలబడి ఆరిపోయిన పాదాలు.
గోదారి మాత్రం తన చర్మం దాటి చూడనివ్వదు.
పగలంతా ఎండ తాగి, గట్టు చల్లబడ్డాక
నల్లటి తెరలో తెల్లగా పడుకుంటుంది.

అందరికీ ఇలాంటి కళ్ళుంటే ఎలా ఉండేదో.
సిగ్గు పడ్డవాడి చెవులు వీధి చివరికి వెలిగేవి.
ఖాళీ కుర్చీ చూసి, ఎవరో ఇప్పుడే లేచారని
కూర్చోడానికి మొహమాటపడేవాళ్ళం.
ఇంకా అవతలికి చూపు పోతే
సెల్ టవర్లు తీర్థంలో దీపాల్లా మండి,
గోడల్లోంచి అందరి మాటలూ వెలుగై దూరి,
నిద్రెలా పట్టేది?

పోయిన వేసవిలో కెమెరా పెద్దమ్మ వైపు తిప్పాను.
ముఖం దీపంలా ఉంది,
జోడు ఉన్నచోట రెండు నల్ల గుంటలు.
వేడి గాజుని దాటదు. తెలుసు.
అయినా చెయ్యి వణికింది.
నా యంత్రం ఎరుపుకి ఇవతల, ఆమె ఊదాకి అవతల.
మధ్యన ఏడు రంగుల సన్నటి గట్టు మీద
ఊరంతా ఎదురెదురు సైకిళ్ళ మీద
ఒత్తిగిల్లి దారిచ్చుకుంటూ పోతోంది.

కార్తీకంలో రాజమండ్రిలో మళ్ళీ ఆపరేషన్.
ఈసారి లోపల మంచి అద్దం పెట్టారు.
సూదిలో దారం ఎక్కిస్తోంది, బస్సు బోర్డు చదువుతోంది,
నా తెల్లవెంట్రుకలు లెక్కపెట్టి తిట్టింది కూడా.
రంగు సంగతి నేనే ఎత్తాను.
"పోయింది" అంది. సంచుల్లో మట్టి కూరుతూనే ఉంది.

చాలాసేపటికి,
"మా అత్తోరి లంక ఎరుగుదువుగా. మూడెకరాలు.
ఏరు కోసుకుపోయింది. పట్టా పెట్టెలో ఉంది.
శిస్తుకి ఎవరూ రారు.
అలాగని మాది కాదని ఎవడంటాడు?"

లేచి, కుండీలో పొద్దుతిరుగుడు మీదికి వంగి
ఒక రేకు మధ్యన గోరు ఆనించింది,
సర్వేరు గొలుసు కొస పట్టుకున్నట్టు.
"ఇదిగో, ఇక్కణ్ణించి."

నాకు వట్టి పసుపు.
తేనెటీగ ఒకటి వచ్చి
వేలు తియ్యమన్నట్టు, విసుగ్గా,
రెండు చుట్లు తిరిగింది.