గురిగింజెత్తు మందు

రాస్ అల్ ఖైమాలో శుక్రవారం, నమాజు అయ్యాక,
కొండల కింది రేంజికి
పాత పికప్ ఒకటి దుమ్ము లేపకుండా వస్తుంది.
సుహైల్ అల్ షెహ్హీ దిగుతాడు.
ముందు చేతికర్ర, తర్వాత చెప్పులు, తర్వాత ఆయన.
చంకలో బిస్కెట్ల డబ్బా.
డబ్బాలో, నూనె గుడ్డలో,
వాళ్ళ నాయన కొన్న ఆరు గుళ్ళ రివాల్వర్.

నలభై అయిదు.
గొట్టంలో నా చిటికెన వేలి కొన దూరుతుంది.
ఒకప్పటి నీలం
మగ్గిన వంకాయ రంగుకొచ్చింది.
పిడిచెక్క మీది గళ్ళు అరిగిపోయి
పట్టుకుంటే
ఎవరి చెయ్యో పట్టుకున్నట్టుంటుంది.

నేను తూటాలు నింపేవాణ్ణి.
కోరుట్ల కంసాలి కొడుకుని, అనంతాచారిని,
వీసా కాగితంలో హెల్పర్‌ని.
వెనక గదిలో మీట నొక్కే ప్రెస్సు, చిన్న తక్కెడ.
మందు తూచేటప్పుడు ఏసీ ఆపేస్తాను.
మా బాపు ఫ్యాను ఆపేవాడు,
మాట కూడా ఆపేవాడు,
ఊపిరి తగిలితే బంగారం బరువు మారుతుందని.
ఆయనకి తుపాకీ తెలీదు.
గురి తెలుసు, గింజ తెలుసు.

నిరుడు సుహైల్‌కి ఎడమ పక్క పడిపోయింది.
లేచాడు గానీ మణికట్టు పూర్తిగా లేవలేదు.
అప్పట్నుంచి మందు తగ్గించాను.
ఎన్ని గురిగింజలెత్తో చెప్పను,
అది నా తక్కెడకూ ఆయన మణికట్టుకూ మధ్య మాట.
పాత ఇనుము కూడా ముసలిదే కదా,
పళ్ళు చూసి పెట్టాలి దాణా.

ఎత్తుతాడు, రెండు చేతులా.
శ్వై శ్వై, అంటాడు,
నాతోనో దానితోనో తెలీదు.

తడి పిడక గోడకి కొట్టిన చప్పుడు.
తన్నదు, ఎగిరిపడదు,
దూడ మూతి పెట్టి నెట్టినట్టు
అరచేతిని నెడుతుంది, అంతే.
గుండు బయల్దేరింది,
చేరిందో లేదో ఇంకా తెలీదు,
ఆ సందులోనే ఆయన నవ్వు మొదలైపోతుంది.
అప్పుడు
ఠంగుమంటుంది ఇనుప పళ్ళెం.

పక్క వరసలో దుబాయ్ కుర్రాళ్ళు,
కొత్త తుపాకులు, బుక్కెడేసి మందు,
నిప్పు మూరెడు బయటికొస్తుంది.
ఒకడు చెవులకున్నవి తీసి
ఇది బొమ్మా, అనడిగాడు.
సుహైల్ ఇచ్చాడు.
వాడు ఆరూ కాల్చాడు.
ఏమీ అనలేదు.
ఇంకో ఆరు అడిగాడు.

నన్నెవరూ కాల్చమనరు. నేనూ అడగను.
నా వంతు ఖాళీ ఇత్తడి.
వెచ్చగా, బొటనవేలంత,
ఉడికిన పల్లీల్లా దోసిట్లో పడతాయి.
ఇవే తొడుగులు, ఇది ఎనిమిదో నింపుడు.
మూతి సాగినదాన్ని నొక్కి సరిచేస్తాను,
చీలినదాన్ని పక్కన పెడతాను.
యాభై వెళ్తే యాభై రావాలి,
పోలీసు రిజిస్టరు అలాంటిది.

ఇవ్వాళ నలభై తొమ్మిది.
ఇసుక జల్లించాను. బల్ల కింద పాకాను.
పికప్ చక్రాల దగ్గర కూడా చూశాను.
చెమట కళ్ళలోకి దిగి మండుతుంటే
వెనక ఎక్కడో
సన్నగా ఈల.

కందూరా జేబులోంచి తీసి
ఖాళీ తొడుగు కింది పెదవికి ఆనించి
ముసలాయన ఊదుతున్నాడు,
పక్షవాతం పోనివ్వని వంకర మూతితో,
ఎనభై ఏళ్ళ పోకిరి.

యాభై, అని రాసుకున్నాను.

రాత్రి తక్కెడ పళ్ళాలు తుడిచి
గది తలుపు దగ్గరికేసి
నేనూ ఒకటి తీసి ఊదాను.
ఈల రాలేదు.
కాలిన మందు వాసన, కాస్త గాలి.

పెదవి మార్చి మళ్ళీ ఊదాను.