నాలుగో పెట్టె, రెండో టేపు

పెన్ను లోపలికి రానివ్వరు. పెన్సిలొక్కటే.
కోటూ గొడుగూ, మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టె ముక్కా
లాకరులో పడేసి
నేలమాళిగలోకి దిగుతాను.
పైన ఫిలడెల్ఫియాలో మంచు కురుస్తున్నట్టుంది,
మెట్ల దగ్గర తడి బూట్లు చెప్పాయి.

ఇవాళ నా వంతు ఎల్మీరా కోవాచ్ కాగితాలు.
ఆరు పెట్టెలు, తొమ్మిది టేపులు.
పాత కార్డు మీద ఎవరో టైపు కొట్టారు:
"చిత్రకారుడు లోవెల్ స్ట్రాటన్ భార్య. తనూ వేసేది."
ఆ "తనూ" దగ్గర అక్షరం కొంచెం కిందికి జారింది.

నాలుగో పెట్టె తెరిస్తే ముందు వాసన.
టర్పెంటైనూ, ఎలుకలూ, ఎవరిదో చలికాలం.
ఇంటి ఓనరు నోటీసు: రెండు నెలల అద్దె బాకీ.
గ్యాలరీ నుంచి రెండు వాక్యాల ఉత్తరం:
"ఈ ఏడాదికి ఒక ఆడమనిషిని ఇప్పటికే పెట్టేశాం.
మీ వారిని అడిగామని చెప్పండి."
కిరాణా చీటీ: ఉల్లిపాయలు, సబ్బు, పాలు.
వెనక మూడు గీతలు.
మూడే.
ఒకటి నిలబడింది, ఒకటి ఒరిగింది,
ఒకటి కాగితం చివరిదాకా వెళ్లి
ఇంకా వెళ్దామనుకుంది.

బొమ్మల సంగతి నాకు పెద్దగా తెలియదు.
చెట్టో మనిషో కనిపించని గుడ్డ ముందు
లెక్క రాని పిల్లలా నిలబడేదాన్ని.
నా పని వినడం, విన్నది రాయడం.
దగ్గితే బ్రాకెట్లో దగ్గు,
నవ్వితే బ్రాకెట్లో నవ్వు,
మాట అందకపోతే "వినబడలేదు" అని రాసి ముందుకు పోవడం.

రెండో టేపు. అరవై తొమ్మిది, మార్చి.
న్యూయార్కులో ఓ మేడ మీది గది. రేడియేటర్ టకటక.
ప్రశ్నలడిగే కుర్రాడు, ప్రెంటిస్, గొంతు సవరించుకున్నాడు:
"మిసెస్ స్ట్రాటన్, మీ రంగులు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

లోవెల్ చెప్పాడు.
ఆమెనడిగితే ఆయన చెప్పాడు.
శూన్యం గురించి, అస్తిత్వం గురించి,
గుడ్డకుండే నాలుగు అంచుల నీతి గురించి
పదహారు నిమిషాలు.
పెన్సిల్ రెండుసార్లు చెక్కుకున్నాను.
వెనకాల కత్తి చప్పుడు. ఆమె ఏదో తరుగుతోంది,
క్యారెట్లే అయ్యుండాలి, అంత గట్టిగా.
బ్రాకెట్లో "తరుగుతున్న చప్పుడు" అని రాశాను.
నియమాల్లో లేదు. అయినా రాశాను.

తర్వాత తలుపు. ఆయన సిగరెట్ల కోసం కిందికి దిగాడు.
మిషను ఆపేశాననుకున్నాడు కుర్రాడు.
చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

కత్తి ఆగింది.
"మా నాన్న యంగ్స్‌టౌన్‌లో ఉక్కు కొలిమి దగ్గర పనివాడు.
రాత్రిళ్లు గుట్ట మీంచి చిట్టెం పారబోసేవాళ్లు.
మా వంటింటి గోడ పచ్చగా వెలిగేది, మళ్లీ నల్లబడేది.
ఆ కాస్త వెలుగులో అమ్మ సూదికి దారం ఎక్కించేది.
అక్కణ్ణుంచే."

కుర్రాడేమీ అనలేదు.

"ఆయన తెల్ల బొమ్మలు చూశావుగా, మ్యూజియంలో?
ఆ తెలుపు కింద పసుపు నాది.
ముందు నేను పూసి ఆరబెట్టేదాన్ని."

ఒక లారీ వెళ్లింది. మెట్ల మీద అడుగులు.
"ఇంకో క్యారెట్ తింటావా అబ్బాయ్?"

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను.
ఏడుసార్లు.
లారీ ప్రతిసారీ అదే వేళకి వచ్చింది,
ఆయన ప్రతిసారీ మెట్లెక్కాడు,
ఒక్కసారైనా ఆలస్యం చెయ్యలేదు.

ఆదివారం మ్యూజియంకి వెళ్లాను.
తెల్ల బొమ్మ పక్కకి చేరి వంగి చూశాను,
అంచున గోరంత పసుపైనా దొరుకుతుందేమోనని.
అంచంతా చట్రం కప్పేసింది.
కాపలాదారు దగ్గాడు. లేచి నిలబడ్డాను.

సోమవారం మా పెద్దమ్మగారు గాడ్స్‌డెన్ ఆ పేజీ చదివి
పక్కన ప్రశ్నార్థకం పెట్టింది:
"ఇంటర్వ్యూ అప్పటికి అయిపోయింది కదా?"
ఆ పేజీ మళ్లీ రాసిస్తానన్నాను.
ఒక్క మాటా తియ్యలేదు.
పెన్సిలే కదా, ఎవరైనా చెరపొచ్చు.
గట్టిగా నొక్కి రాశాను,
కింది కాగితం మీద కూడా
గాడి పడింది.