ఆగినట్టు గుర్తు

నరసాపురం స్టీమర్ రోడ్డులో నా కొట్టు.
పైన లేసుల గోడౌను, కింద నేను.
కొల్లాటి ఏసురత్నం తడి లుంగీతోనే వచ్చి
ఏరియేటర్ల టైమరు బల్ల మీద పెట్టాడు,
జబ్బు పిల్లని దించినట్టు కాదు,
దొంగతనంలో దొరికినవాణ్ణి తోసినట్టు.

"రాత్రి పదకొండుకి కరెంటు పోయింది అమ్మాజీ,
ఒకటీ ముప్పావుకి వచ్చింది.
రెండింటికి తిరగాల్సిన రెక్కలు తిరగలేదు.
పావుతక్కువ నాలుక్కి తిరిగాయి.
ఆ చప్పుడుకే లేచాను.
అప్పటికే రొయ్యలన్నీ పైకొచ్చి
మీసాలెత్తి గట్టు వెంట పాకుతున్నాయి."

పక్క చెరువుల వాళ్ళని తిట్టలేక
టైమర్ని తిట్టాడు.
నేను మూత విప్పాను.

కరెంటు పోగానే లోపలి గడియారమూ పోయింది.
వచ్చాక అర్ధరాత్రి అనుకుని
సున్నా నుంచి లేచింది.
పోకూడదు మరి.
చిప్పు పక్కనే బియ్యపుగింజంత వెండి గొట్టం,
అందులో క్వార్ట్‌జ్ పలక.
సెకనుకి ముప్పై రెండు వేల
ఏడువందల అరవై ఎనిమిది సార్లు వణుకుతుంది.
దాన్ని సగం చేసి, ఆ సగాన్ని సగం చేసి,
అలా పదిహేను సార్లు చేస్తే
మిగిలేది ఒక్క టిక్కు.
ఈ లెక్క మన నీళ్ళకి ఎప్పుడో తెలుసు:
ఆనకట్ట దగ్గర కంటికానని గోదావరి
కాలువలో, పిల్ల కాలువలో, బోదెలో తగ్గి తగ్గి
చిట్టచివరి మడికి
దోసెడు.

కరెంటు లేనప్పుడు ఆ వణుకుని
రూపాయంత బిళ్ళ బ్యాటరీ సాకుతుంది.
చీమ తాగేన్ని నీళ్ళు చాలు దానికి.
పదేళ్ళొస్తుందని కంపెనీ మాట.
కంపెనీ ఎప్పుడూ మా ఉప్పుగాలిలో పడుకోలేదు.

మీటరు పెట్టాను. మూడు వోల్టులు, నిండుగా.
"బ్యాటరీ బానే ఉందిగా" అన్నాడు,
నేరం ఎవరి మీదా తేలదేమోనని భయంగా.

స్కోపు ముల్లు పలక కాలికి ఆనించి చూడొచ్చు.
చూడకూడదు.
పొదిగే కోడిని లేపి చూస్తే గుడ్డు చల్లారుతుంది.
ఆ ముల్లు బరువుకే వణుకు ఆగి
లేని జబ్బు చూపిస్తుంది.
దూరంగా, సెకనుకోసారి పల్స్ వచ్చే కాలికి
కౌంటరు తగిలించి కూర్చున్నాను.
ఒకటి. ఒకటి. ఒకటి.
మధ్యాహ్నమంతా ఒక్క తప్పు లేదు.

చిప్పు లోపల ఒక గుర్తుంటుంది.
ఎప్పుడైనా వణుకు ఆగితే
తనంతట తానే ఒకటి వేసుకుంటుంది,
మనం తుడిచేదాకా చెరగదు.
చదివాను.
"ఆగానని ఒప్పుకుంటోంది" అన్నాను.
"ఎన్నింటికి ఆగిందట?"
అదే తెలీదు దానికి.
టైము చూసుకునేది అదే,
ఆగిందీ అదే.
ఏసురత్నం కాసేపు మాట్లాడలేదు.
"నాకూ తెలీదు అమ్మాజీ,
గట్టు మీద ఎన్నింటికి కన్నంటుకుందో."

గుర్తు తుడిచేసి, రాత్రికి
టిఫిను క్యారేజీ అడుగు గిన్నెలో తడి గుడ్డ పరిచి
పైన చిల్లుల పళ్ళెం, దాని మీద బోర్డు.
మెయిన్ కరెంటు పీకి, బిళ్ళ ఒక్కటే ఉంచి
మూత పెట్టాను.
మొగల్తూరు గట్టు మీది మంచు
ఆ గిన్నెలోకి పట్టింది.

తెల్లారి చూస్తే మళ్ళీ ఒకటి.
పలక కాళ్ళ మధ్య
పాత రిపేరులో తుడవకుండా వదిలేసిన ఫ్లక్సు,
టీ మరక రంగులో.
ఎండలో ఏమీ ఎరగనట్టు ఉంటుంది,
చెమ్మ తగిలితే దొంగదారి ఇస్తుంది.
ఆ రిపేరు ఎవరిదో చూద్దామని బోర్డు తిప్పాను.
నీలం స్టిక్కరు. నా చేతిరాత.
కిందటేడు వేసవి.
ఆ రోజు ఏ తొందరలో ఉన్నానో
ఎంత ఆలోచించినా రాలేదు.

స్పిరిట్టు, పాత పళ్ళ బ్రష్షు, మూడు సార్లు.
కొత్త బిళ్ళ.
మళ్ళీ గిన్నె, మళ్ళీ తడి గుడ్డ, రెండో రాత్రి.
సున్నా.

బిల్లు పుస్తకంలో కార్బన్ పేపరు పెట్టి
బిళ్ళ నలభై అని రాసి ఆగాను.
"తుడవకుండా వదిలింది నేనే" అన్నాను.
అతను స్టిక్కరు చూశాడు. నన్ను చూశాడు.
నలభై రూపాయలు లెక్కపెట్టి బల్ల మీద ఉంచి
టైమరు చంకలో పెట్టుకున్నాడు.
"ఇప్పుడు టైమెంత పెట్టావు?"
"పదీ ఇరవై."

ఏమీ అనలేదు.
మెట్లు దిగి రోడ్డు దాటాక
ఎదుటి సోడా బండివాణ్ణి
టైమెంతని అడగడం వినబడింది.