నడుం వాల్చిన దారి

నవంబరు రాగానే
సైకిలును గొర్రెల కొట్టంలోకి తోసేస్తాను.
గొర్రెల్ని అమ్మేసి ఆరేళ్లయింది.
ఉన్ని వాసన మాత్రం బేరానికి లొంగలేదు.

వెనక చక్రాన్ని ఇనుప స్టాండులో బిగించి
ముందు చక్రం కింద
పాత టెలిఫోన్ డైరెక్టరీ పెడతాను.
ఊరందరి పేర్ల మీదా
రోజుకో గంట నిలబడుతుంది నా చక్రం.

ఇది పడక సైకిలు.
హ్యాండిల్ మీదికి వంగక్కర్లేదు,
సీటే వీపుని ఎత్తుకుంటుంది.
పెడళ్లు కడుపుకంటే ఎత్తులో, కళ్లెదురుగా.
మొదటిసారి చూసి డౌవె పగలబడి నవ్వాడు:
"విట్స్కె, కుర్చీతో సహా లేచిపోతున్నావా?"

డౌవె మా కాలువ వంతెన మనిషి.
పడవొస్తే ఎత్తాలి, పోతే దించాలి,
ముప్పై ఏళ్లు అదే పని.
ఆదివారాలు మేమిద్దరం
ఫ్రీస్లాండ్ సముద్రపు కట్ట వెంట
ఎదురుగాలికి తలలొంచి తొక్కేవాళ్లం.
ముందు అతని వీపు,
ఆ వీపు చాటున నా ఊపిరి.
ఇరవై ఏళ్లలో సముద్రాన్ని ఎంత చూశానో గాని
అతని నీలం జాకెట్టు కుట్లు మాత్రం
ఇప్పటికీ లెక్క చెప్పగలను.

తర్వాత నా వెన్నులో ఒక పూస అరిగింది.
"సైకిలు మానెయ్, లేదా పడుకో" అంది డాక్టరమ్మ.
నాకు రెండో మాటే వినబడింది.

కొట్టంలో తొక్కుతాను.
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే,
గొర్రెల కొట్టం కదా మరి.
నిమిషానికి డెబ్భై చుట్లు.
ఎదురుగా దారి లేదు, పైకప్పు ఉంది,
పైకప్పు మీద ఓ తేమ మరక.
ఆ దూలం కట్ట,
ఆ మేకు హోల్వెర్ట్ రేవు,
మరక సముద్రం.
చెమట ముక్కు మీదినుంచి రాలదిక్కడ,
కణతల మీదుగా చెవుల్లోకి దిగుతుంది.
వెల్లకిలా పడుకుని ఏడ్చినవాళ్లకి
ఆ దారి తెలుసు.

జనవరిలో డౌవె వచ్చాడు, మెడకి పట్టీతో.
తలుపు దగ్గరే నిలబడి
కాలువ గడ్డకడుతుందా లేదా అని
చాలాసేపు మాట్లాడాడు.
నేను తొక్కుతూనే ఉన్నాను.
చివరికి అన్నాడు:
"కుర్చీ ఎలాగూ ఉంది కదా, కాసేపు కూర్చోనా?"

కూర్చున్నాడు. కాళ్లు ఎత్తలేకపోయాడు.
ఒకటి లేస్తే రెండోది నేలని పట్టుకుంటుంది.
మడమ పట్టుకుని నేనే పెడల్ మీద పెట్టాను.
ఎవరూ మాట్లాడలేదు.
మనిషి కాలు అంత బరువుంటుందని
నాకిన్నాళ్లూ తెలీదు.
పది చుట్లు తిప్పి ఆగాడు.
"పైన ఆ మరకేంటి?"
"సముద్రం."
కాస్త ఆలోచించి, "పోటా, ఆటా?" అన్నాడు.
మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు.

మార్చికి మీటరు తొమ్మిదొందల పన్నెండు కిలోమీటర్లు చూపించింది.
"ఎందాకా వెళ్లావేంటి?"
"తలుపుదాకా."

తలుపు తీశాం.
కాళ్లు నేలకి ఆనకపోతే పొగరంటారు,
నాకైతే వణుకు.
మొదటి మలుపులో పాములా మెలికలు తిరిగాను,
కట్ట మీది గొర్రెలు
నా కళ్లలోకి సూటిగా చూశాయి, సమాన ఎత్తులోంచి.
గాలి ముఖం మీదుగా పైపైన పోయింది,
నాతో పనిలేనట్టు.
ముందు ఏ వీపూ లేదు.
ఇంత ఆకాశంలో ఎక్కడ చూడాలో తెలియక
అలవాటుగా మేకు కోసం వెతికాను.
వెనక, అద్దెకు తెచ్చిన మూడు చక్రాల పడక సైకిలు మీద డౌవె,
అతని నారింజరంగు జెండా టపటపమంటోంది.

ఊళ్లోకి తిరిగొచ్చేసరికి
గంట మోగింది, వంతెన లేస్తోంది.
ఇప్పుడు దాన్ని ఎక్కడో దూరంగా
తెర ముందు కూర్చున్నవాళ్లెవరో ఎత్తుతారు.
తక్కినవాళ్లంతా ఒక కాలు నేలకానించి నిలబడ్డారు.
మేమిద్దరం వాలి ఉన్నాం.

ముప్పై ఏళ్లు పైనుంచే చూసినవాడు
వంతెన కడుపుని మొదటిసారి చూస్తున్నాడు.
పడవ దాటిపోయింది.
అతను చూస్తూనే ఉన్నాడు.
"తుప్పు పట్టింది" అన్నాడు,
"ఎవరూ చెప్పలేదు నాకు."