తాలింపు లేని మూడు వారాలు

రక్తం తీయడానికి రబ్బరు పట్టీ కడుతూ
ల్యాబ్ కుర్రాడు అడిగాడు:
"ఇదేం మచ్చ పాటీ, కాలిందా?"
కాలలేదు నాయనా, పూసింది.
నా ఏడో ఏట, పులియంతోపులో,
బిన్నీ మిల్లు సైరన్ మోగాక.

టీకాల దేవసహాయం సైకిల్ దిగి
స్పిరిటు దీపం మీద ముళ్ళ చక్రం కాల్చి, చల్లార్చి,
నా ఎడమ జబ్బ మీద ఆనించి
గడియారానికి కీ ఇచ్చినట్టు తిప్పాడు.
అంతే. ఏడుపుకి సరిపడా నొప్పి కూడా లేదు.

తర్వాత తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.
మోచేతి మడతలో పాలగజ్జి,
మోకాళ్ళ వెనక రసి.
చక్రం వెనక్కి తీసుకున్నాడు.
"వీడికి వేండామ్మా, ఇప్పుడు కాదు.
ఈ పిల్ల కూడా వాణ్ణి ముట్టకూడదు,
ఇది ఎండి రాలిందాకా.
దీని చీము వాడి గజ్జికి తగిలితే ఒళ్ళంతా పొక్కిపోతుంది."
మా అమ్మ ఆండాళు ఒక్కో మాటకీ ఒక్కో వేలు మడిచింది,
చదువు రాదు కదా, మరిచిపోతే ఎలా.

నాలుగో రోజు చీమ కుట్టినంత.
వారానికి ముత్యం, నడిమిన గుంట పడ్డ ముత్యం.
ఆ రాత్రి జ్వరం. చంకలో నిమ్మకాయంత బిళ్ళ.
నాన్నమ్మ పసుపూ వేపాకూ నూరి తెచ్చింది:
"అమ్మవారు దిగింది, చల్లబరచాలి."
"ఏమీ పూయొద్దన్నాడు."
"ఎవడు వాడు?"
"కార్పొరేషన్ ఆయన."
చివరికి రాజీ కుదిరింది,
వేపమండ గుమ్మానికి, గాలి పుండుకి.
ఇంట్లో తాలింపు మాత్రం బంద్,
ఆవాలు చిటపటమంటే తల్లికి కోపం.
నాన్న ఏమీ అనలేదు,
చప్పటి చారన్నం ముందు కూర్చుని
ఊరగాయ జాడీ వైపు చూసేవాడు.

పాత పంచె చింపి వదులుగా చుట్టేది అమ్మ.
రవిక చేతి కుట్లు విప్పేసింది.
చెయ్యి పైకెత్తించి, తడవకుండా స్నానం.
విప్పిన గుడ్డ వేరే గిన్నెలో ఉడకబెట్టి
సబ్బుతో చేతులు కడిగి, మళ్ళీ కడిగి
అప్పుడు తమ్ముడికి పాలిచ్చేది.
ఇక దురద! నిద్రలో గోళ్ళు దాన్నే వెతుక్కుంటూ పోయేవి.
కుడి చేతికి గుడ్డసంచి తొడిగి కట్టేది,
గోకిన చేత్తో కళ్ళు నులిమితే చూపుకే మోసమని.

తమ్ముడు నన్ను వెతికేవాడు.
నడి గదికి అడ్డంగా కట్టిన చీర కింద
ముందు వాడి వేళ్ళు కనపడేవి, తర్వాత తల.
"అమ్మా, వస్తున్నాడు!"
మేడమెట్లెక్కి పారిపోయేదాన్ని.
ఆటనుకున్నాడు. నవ్వేవాడు.

పద్నాలుగో రోజో, పదిహేనో,
గోడ పట్టుకుని లేచాడు మునిరత్నం.
గోడ వదిలాడు.
ఒకటి. రెండు. మూడు.
వాడి మొట్టమొదటి అడుగులు, నా వైపే.
చేతులు చాచాడు.
నేను పరిగెత్తాను.
వెనక దబ్బుమన్న చప్పుడు,
కాస్త ఆగి ఏడుపు.
అయిదో మెట్టు మీద నిలబడి
నేనూ ఏడ్చాను. దిగలేదు.

ఇరవై రెండో రోజు చాప మీద పక్కు రాలింది,
చింతగింజ పెంకులా.
దాచుకుంటానంటే అమ్మ ఒప్పుకోలేదు,
కాగితంతో ఎత్తి పొయ్యిలో వేసింది.
ఆ పూటే కాగే నూనెలో ఆవాలు.
నాన్న మూడుసార్లు చారు పోయించుకున్నాడు.
తమ్ముడు మాత్రం రెండు రోజులు నా దగ్గరికి రాలేదు.

వాడికి టీకా పడనే లేదు.
వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పొక్కి ఉండేది ఒంటి మీద,
ఈలోగా పెద్దమ్మవారే లోకం విడిచి వెళ్ళిపోయింది.
వాడి జబ్బ ఇప్పటికీ నున్నగా ఉంటుంది.

అదుగో, బయట బెంచీ మీద
నా చెప్పులకు కాపలా కూర్చున్న బట్టతల, వాడే.
మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటాడు.
ఎప్పుడూ ఎడమ జబ్బే,
బొటనవేలు సరిగ్గా మచ్చ మీదే పడుతుంది.
తెలిసి కాదు.
నేనెప్పుడూ చెప్పలేదు.

సూది తీసేశావా, అప్పుడే?
దూది నొక్కి పట్టుకోవాలా. సరే.
ఎంతసేపు?