గర్రు

కోఠి గుజరాతీ గల్లీల, మెట్ల కింద దుకాణం నాది.
ముప్పై ఒక్క ఏండ్ల సంది ఒక్కటే పని:
చప్పుడుల నుంచి గర్రు తీసేసుడు.
ఫంక్షన్ హాల్ యాంపులు, బోనాల మైకులు,
మసీదు హారన్లు, ఎలక్షన్ల ఆటో డబ్బలు
అన్నీ నా బల్ల మీద గొంతు సవరించుకున్నయే.

ఒక దిక్కు తల గొరిగిచ్చుకున్న పోరి
పాత గిటార్ యాంపు ఒళ్లె పెట్టుకొని సిటీ బస్సుల వచ్చింది.
ఆమెకు ఫ్రీ అంట, డబ్బకు టికెట్ కొట్టిన్రంట.
పేరు జెరూషా. మౌలాలి.
స్పీకర్ కోను చినిగింది, గర్రుమంటున్నది,
కొత్తది ఏస్త బిడ్డా, అన్న.
"వద్దంకుల్. గర్రు ఉండనియ్యి.
మధ్యల ఆగిపోకుండ చెయ్యి, చాలు."

ఇసొంటి గిరాకిని నేను చూడలే.
పైసలు తక్కువపడ్డయని చీటి ఇచ్చిపోయింది:
ఆదివారం నాలుగు గంటలకు,
రైల్వే క్వార్టర్ల ఎన్క, నీలం గేటు.
కింద రాసుంది: అన్ని ఈడులోళ్లు రావచ్చు.
యాభై ఎనిమిది గూడ ఒక ఈడే గదా అని పోయిన.

ముందటి అర్రల సోఫాను నిలువుగ గోడకానిచ్చిన్రు.
కిటికీలకు బొంతలు, పరుపులు.
గేటు కాడ బిస్కెట్ల డబ్బల ఇరవై రూపాయలు,
లేకుంటే లేదు.
ఏడో క్లాసు పోరడొకడు చెవుల్ల దూది పెట్టుకొని
వాళ్ల నాయనమ్మకు గూడ పెడుతున్నడు.
ఫ్యాన్ బంద్ చేసిన్రు, దుంకితే చేతులు తగుల్తయని.

తర్వాత ఏమైందో సక్కగ చెప్పలేను.
డ్రమ్ముల పిల్లగాడు
గోడ కూలినట్టు మొదలువెట్టిండు.
జెరూషా నోరు తెరిస్తే పాట గాదు,
మే నెల బయటికొచ్చింది:
"ట్యాంకర్ ఎప్పుడొస్తది?
ట్యాంకర్ ఎప్పుడొస్తది?"
అంతే పాట. నిమిషమున్నర.
అర్రల ఉన్నోళ్లందరికి నోటికొచ్చు.
ఒకన్నొకడు గుద్దుకుంటున్నరు,
పడ్డోన్ని నలుగురు కలిసి లేపుతున్నరు,
ఊడిన కండ్లద్దాలు ఎవరో పైకెత్తి పట్టుకున్నరు,
ఓనరు దొరికేదాక.

పక్కింటామె గోడ మీదికెల్లి అరుస్తున్నది.
ఆపమన్నదో, అందుకున్నదో
ఆ చప్పుడుల తెలువలే.

నేను మూలకు నిలబడి యాంపునే చూసిన.
నా టాంక ఊడలే.
గర్రు,
ఇన్నేండ్లు స్క్రూడ్రైవర్ తోని దేవులాడి సంపిన గర్రు,
ఆ పోరి గొంతు పక్కపొంటి నిలబడి
బరువు పంచుకున్నది.

రెండు దినాలు ఎడమ చెవు గుయ్యిమన్నది.
ఇంట్ల చెప్పలే.
మంగళారం ఫంక్షన్ హాలోడు డబ్బ దించి
"గర్రుమంటున్నది అన్నా, జల్ది తియ్యి" అన్నడు.
ప్లగ్గు పెట్టిన.
"ఆగు," అన్న, "జర విననియ్యి."